వేర్వేరు దేశాల మ్యాప్ కేటలాగ్‌లను ఒకే చోట వెతికేలా కలపడం ఎలా?

జియోనెట్‌వర్క్ అనే కేటలాగ్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే మా మెటాడేటా (మ్యాప్ డేటా గురించిన వివరాల) కేటలాగ్‌లో పక్క దేశాల రికార్డులు కూడా దొరకాలి. అందరూ సీఎస్‌డబ్ల్యూ 2.0.2 (కేటలాగ్‌లను వెబ్ ద్వారా అడిగే ప్రమాణం) ఇస్తున్నారు కాబట్టి హార్వెస్టింగ్ (వాళ్ల రికార్డులను మా దగ్గరికి తెచ్చుకోవడం) వరకు ఇబ్బంది లేదు. చిక్కంతా ఆ తర్వాతే. రికార్డులు రాసే ప్రమాణం ఒక్కొక్కరిది ఒక్కోటి: ఒకరిది ఐఎస్ఓ 19139 ఎక్స్‌ఎంఎల్, ఇంకొకరిది 2014 నాటి 19115-1, మరొకరిది వట్టి డబ్లిన్ కోర్ అనే సాదాసీదా ప్రమాణం (డేటా నాణ్యత వివరాలు రాయడానికి అందులో సరైన చోటే లేదు!). పైగా కీవర్డులు ఎవరి భాషలో వాళ్లవి. నదుల కోసం వెతికితే మిగతా భాషల రికార్డులు రావడం లేదు. కీవర్డులన్నిటినీ జెమెట్ అనే బహుభాషా పర్యావరణ పదకోశపు కోడ్‌లకు ముడిపెడితే సరిపోతుందా, లేక మరేదైనా దారి ఉందా?

ప్రతి వెతుకులాటకీ అన్ని సర్వర్లనూ అడిగే పద్ధతి నాకు నచ్చలేదు. ఒక్కటి నెమ్మదించినా అందరూ ఆగాలి. అలాగే ఒకే రికార్డు రెండు కేటలాగ్‌ల నుంచి వేర్వేరు ఐడీలతో వస్తే ఏది అసలుదో మీరెలా తేలుస్తున్నారు?