లాజిక్ పరిశోధన కోసం ఓకామెల్ (OCaml) భాష నేర్చుకోవాలా, నేరుగా లీన్‌కి (Lean) వెళ్లాలా?

నమస్కారమండీ. నేను మోడల్ లాజిక్ (modal logic, అంటే ‘తప్పనిసరి’, ‘సాధ్యం’ లాంటి భావాల తర్కం) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రోగ్రామింగ్ అంటే డిగ్రీలో నేర్చుకున్న కాస్త పైథాన్, అంతే. కాగితం మీద టాబ్లో చెట్లు (ఫార్ములాని ముక్కలు చేస్తూ వైరుధ్యం కోసం వెతికే పటాలు) గీసీ గీసీ విసుగొచ్చింది. మొన్న ఒక్క నిషేధం గుర్తు జారిపోయి రెండు రోజుల పని వృథా. అందుకే ఎస్4 అనే మోడల్ లాజిక్‌కి చిన్న ప్రూవర్ (ఫార్ములా చెల్లుతుందో లేదో తేల్చే ప్రోగ్రామ్) సొంతంగా రాద్దామని కూర్చున్నాను.

ఫంక్షనల్ భాషల్లో ఫార్ములాని డేటాటైప్‌గా రాసుకుని, ప్యాటర్న్ మ్యాచింగ్‌తో ఒక్కో నియమాన్నీ ఒక్కో లైన్లో చెప్పొచ్చని చూశాక ముచ్చటేసింది. ఎంఎల్ భాష పుట్టిందే 1970ల్లో ఎడిన్‌బరోలో, ఎల్‌సీఎఫ్ అనే నిరూపణ వ్యవస్థ కోసం కదా! దాని వారసురాలని ఓకామెల్ మొదలుపెట్టాను. (హాస్కెల్ కూడా చూశాను, మొనాడ్ల దగ్గరే నెల గడిచిపోయింది.)

చిక్కల్లా ఇక్కడ: ఎస్4లో సాధ్య ప్రపంచాల మధ్య సంబంధం ట్రాన్సిటివ్ (ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి దారి ఉంటే ఒకటి నుంచి మూడుకీ ఉన్నట్టే) కాబట్టి చెట్టు ఆగకుండా పెరుగుతూ పోవచ్చు, లూప్ చెక్ (చూసినదే మళ్లీ వస్తోందా అన్న తనిఖీ) పెట్టాలి. అప్పటిదాకా చూసిన ప్రపంచాలను గ్లోబల్ వేరియబుల్ లేకుండా రికర్షన్‌లో ఎలా మోసుకెళ్లాలి? ఫంక్షన్‌కి అదనపు ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే చాలా?

ఇంకొకటి. ప్రూవర్ సరైనదేనని తర్వాత నిరూపించాలని కూడా ఉంది. నిరూపణలను సరిచూసే లీన్ 4 ఎలాగూ ఫంక్షనల్ భాషే కాబట్టి మొదటి నుంచీ అందులోనే రాయడం మేలా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పగలరు.