కాలేజీ నుంచి నేరుగా ఇన్వెస్ట్‌మెంట్ మేనేజ్‌మెంట్‌లోకి: చెన్నైలో చిన్న పీఎంఎస్సా, బెంగళూరులో పెద్ద క్యాంపసా?

గూడూరు_అమ్మాయి
అందరికీ నమస్కారం. చెన్నైలో బీకాం ఫైనలియర్ చదువుతున్నాను, సీఎఫ్ఏ (పెట్టుబడి విశ్లేషణ మీద మూడు దశల అంతర్జాతీయ పరీక్ష) లెవల్ 1కి తయారవుతున్నాను. రెండు ఆఫర్లున్నాయి. ఒకటి ఆళ్వార్‌పేటలో చిన్న పీఎంఎస్ (పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సర్వీస్) సంస్థ, అంటే డబ్బున్నవాళ్ల సొమ్మును వాళ్ల తరఫున పెట్టుబడి పెట్టేది. ఉన్నది ఏడుగురే, నెలకు 25 వేలు, రీసెర్చ్ పని. రెండోది బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో ఒక విదేశీ బ్యాంకు, నెలకు 48 వేలు. విభాగం పేరు ఇన్వెస్ట్‌మెంట్ మేనేజ్‌మెంటే గానీ చేయాల్సింది ఎన్ఏవీ (ఫండ్ యూనిట్ విలువ) లెక్కలు, రీకన్సిలియేషన్ (రెండు చోట్ల లెక్కలు కలిశాయా అని చూడటం). నాకు కంపెనీలను చదివి ఏది కొనాలో తేల్చే పని ఇష్టం. ఎటు వెళ్లమంటారు?

రింగురోడ్డు_రాత్రులు
బెంగళూరేనమ్మా. మన దేశంలో ఫండ్ కంపెనీల్లో ఎక్కువ భాగం ముంబైలోనే ఉన్నాయి. అక్కడ కూడా కాలేజీ నుంచి వచ్చినవాళ్లకు రీసెర్చ్ సీట్లు తక్కువ, వాటికి ఎంబీఏలు, సీఏలు పోటీ. ముందు నిలదొక్కుకో, సీఎఫ్ఏ పూర్తి చెయ్యి, తర్వాత మారు. సీఎఫ్ఏ చార్టర్‌కు (పరీక్షలతో పాటు అనుభవం కూడా ఉంటే ఇచ్చే గుర్తింపుకు) కావలసిన 4,000 గంటల అనుభవం కూడా ఇక్కడే వచ్చేస్తుంది.

మైలాపూరు_లెక్కలు
ఆ చివరి మాట తప్పు. 4,000 గంటలు, కనీసం 36 నెలల్లో. అంతవరకు సరే. కానీ ఆ పని పెట్టుబడి నిర్ణయానికి నేరుగా సంబంధించినదైనా కావాలి, ఆ నిర్ణయానికి విలువ చేర్చేదైనా కావాలి. నిన్నటి ట్రేడ్లు కస్టోడియన్ (షేర్లు భద్రపరిచే సంస్థ) లెక్కతో కలిశాయా లేదా అని చూడటం అందులోకి ఎలా వస్తుంది?
అమ్మాయీ, ఆళ్వార్‌పేటకు వెళ్లు. ఏడుగురే ఉన్న చోట మొదటి నెలలోనే వార్షిక నివేదిక నీ చేతికి వస్తుంది. లాభం పెరిగినా నగదు ఎందుకు రాలేదు, బాకీలు వసూలవడానికి నిరుటికంటే ఎన్ని రోజులు ఎక్కువ పట్టింది, ఆడిటర్ ఎందుకు మారాడు, ఇవన్నీ నువ్వే తవ్వాలి. రాసుకెళ్తే పెద్దాయన నాలుగు ప్రశ్నలడిగి నీ మోడల్ (కంపెనీ లాభాల మీద నువ్వు వేసిన అంచనా లెక్క) కూల్చేస్తాడు. ఈ పని అలాగే వస్తుంది.

రింగురోడ్డు_రాత్రులు
ఆపరేషన్స్‌లో (ఇలాంటి లెక్కల పనిలో) ఉండి చార్టర్ తెచ్చుకున్నవాళ్లు మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. ఎన్ఏవీ తప్పయితే ఇన్వెస్టర్ యూనిట్ కొన్న ధరే తప్పు. అది విలువ కాదా?

మైలాపూరు_లెక్కలు
ముఖ్యమైన పనే, కాదనను. కానీ ఏం కొనాలో వేరొకరు తేల్చేశాకే మీ దగ్గరికి వస్తుంది.

చిత్తూరు_చిన్నోడు
లెవల్ 1 కూడా రాయని అమ్మాయికి ఈ గంటల గొడవ దేనికన్నా? చెల్లీ, ఈలోగా ఎన్ఐఎస్ఎం (మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాసెయ్యి, పనికొస్తుంది.

రింగురోడ్డు_రాత్రులు
గంటల సంగతి ఎత్తింది ఆయన. సరే, అసలు సంగతి చెప్తాను. నేనూ కాలేజీ అవ్వగానే ఇలాంటి చిన్న పీఎంఎస్‌లోనే చేరాను. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. చిన్న సంస్థకు ఆదాయమంటే క్లయింట్ల సొమ్ము మీద వచ్చే ఫీజే. సొమ్ము విలువ పడితే ఫీజూ పడుతుంది, భయపడ్డ క్లయింటు వెళ్లిపోతే అదీ ఉండదు. ఏప్రిల్‌లో సగం జీతం, జూన్‌లో ఇక రావద్దన్నారు. పెద్దాయన అడిగే నాలుగు ప్రశ్నలు అద్దె కట్టవు సార్.

మైలాపూరు_లెక్కలు
ఒక్క సంవత్సరం చూపించి అందరినీ భయపెట్టకండి. ఆ మార్చిలో రీసెర్చ్ సీట్లో ఉన్నవాడు నేర్చుకున్నది తర్వాత ఏ కోర్సులోనూ దొరకదు. నేను మనుషుల్ని తీసుకునే స్థాయికి వచ్చాక ఆపరేషన్స్ నుంచి వచ్చినవాళ్లను ఎందరినో ఇంటర్వ్యూ చేశాను. లెక్కలో తప్పు పట్టడంలో దిట్టలు. ‘ఈ షేరు నువ్వైతే కొంటావా, ఎందుకు?’ అంటే నోరు పెగల్లేదు.

రింగురోడ్డు_రాత్రులు
నన్నూ అదే ప్రశ్న అడిగి వెనక్కి పంపారు. నేను జవాబు చెప్పాను, కారణాలతో సహా. అయినా రెజ్యుమేలో ‘ఫండ్ అకౌంటింగ్’ అన్న మాట దాటి ఎవరూ చదవలేదు. మాకు చేతకాక కాదు, మీలాంటివాళ్లు తలుపు తీయక.

జయనగర్_పద్మ
అన్నా, ఒక్క మాట. ఆ తలుపు మీకే తెరుచుకోలేదని ఇప్పుడు చెప్తున్నారు. మరి పైన ఈ అమ్మాయికి ‘తర్వాత మారు’ అని ఎలా చెప్పారు?

రింగురోడ్డు_రాత్రులు
ఇల్లు గడవాలి కాబట్టి చెప్పాను పద్మగారూ. మైలాపూరు వారిని అడగండి, 25 వేల రోజుల్లో ఆయన అద్దె కట్టారేమో.

మైలాపూరు_లెక్కలు
కట్టలేదు. మాది సొంతిల్లు, నాన్న బ్యాంకు ఉద్యోగి. అయితే నేను చెప్పింది అబద్ధమవుతుందా? మొదటి మూడేళ్లు చేసిన పనే మనిషికి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఎంత గట్టిదో మీ రెజ్యుమే కథే చెప్తోంది.

జయనగర్_పద్మ
మీ ఇద్దరిలో ఒక్కరైనా ఈ పిల్లను అడిగారా, ఇంటికి ఎంత పంపాలని?

గూడూరు_అమ్మాయి
అక్కా, నాన్న నిమ్మకాయల మార్కెట్లో గుమాస్తా. అక్క పెళ్లికి చేసిన అప్పుకి నెలకు 12 వేలు నేను కట్టాలి. 25 వేలల్లో అది పోతే చెన్నైలో హాస్టలుకే సరిపోతుంది. అయినా మనసు ఆళ్వార్‌పేట వైపే ఉంది.

రింగురోడ్డు_రాత్రులు
అప్పు ఉన్నప్పుడు మనసు మాట వినకూడదు తల్లీ.

మైలాపూరు_లెక్కలు
అమ్మాయీ, 12 వేల సంగతి ముందే తెలిస్తే ఇంత తేలిగ్గా వెళ్లు అనేవాణ్ని కాదు. అలాగని బెంగళూరు అనను. ఆళ్వార్‌పేట వాళ్లను 32 వేలు అడుగు. క్లయింట్లు ఎందరు, పెద్ద క్లయింటు ఒక్కడు పోతే ఫీజులో ఎంత పోతుంది, అదీ అడుగు. సెబీ నిబంధన ప్రకారం పీఎంఎస్ క్లయింటు కనీసం 50 లక్షలు పెట్టాలి కాబట్టి చిన్న సంస్థలో ఒక్కొక్కరి బరువు ఎక్కువ.

రింగురోడ్డు_రాత్రులు
ఫ్రెషర్ అడిగితే ఫీజు లెక్కలు చెప్తారా?

మైలాపూరు_లెక్కలు
చెప్పకపోతే అక్కడ చేరొద్దని నేనే అంటాను.

గూడూరు_అమ్మాయి
గురువారం మళ్లీ రమ్మన్నారు. రెండూ అడుగుతాను. బెంగళూరు వాళ్లకు శుక్రవారంలోగా జవాబివ్వాలి. రింగురోడ్డు అన్నా, అక్కడ షిఫ్ట్ రాత్రి పదకొండు దాకా అన్నారు, సీఎఫ్ఏ చదువుకోవడానికి వీలవుతుందా?

రింగురోడ్డు_రాత్రులు
పొద్దున పూట చదువుకోవచ్చు. నెలాఖరు వారం మాత్రం అసలు కుదరదు.