కొండపల్లి అడవి కొండలకి కాంటూర్ మ్యాప్ ఎలా?

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ, కొండపల్లి రిజర్వ్ ఫారెస్ట్ కొండలకి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) గీద్దామని ఎస్ఆర్‌టీఎమ్ 30 మీటర్ల ఎత్తుల డేటా క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) వేశా, కానీ నేను నడిచి చూసిన వాగులు సగం కనపడట్లేదు, ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పు నీది కాదు తమ్ముడూ. 2000లో స్పేస్ షటిల్ నుంచి తీసిన రాడార్ డేటా అది, చెట్లు దట్టంగా ఉన్నచోట కొమ్మల ఎత్తు కూడా కలిసిపోద్ది, పైగా 30 మీటర్లకి ఒక్క పాయింటంటే సన్న వాగు ఎక్కడ పడుద్ది? సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు (టోపో మ్యాపు) ఫ్రీగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, వాగులూ బాటలూ ఉంటాయి, ముందు అది పెట్టుకో.

ఇంకో జవాబు: గుంటూరు నుంచి. కొండవీడులో మేమూ షీటు మీద జీపీఎస్ ట్రాకులు వేసుకున్నాం. ఎత్తు మాత్రం చూసుకో, కొన్ని ఫోన్లు సముద్ర మట్టం నుంచి కాకుండా ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి కొలుస్తాయి, మన వైపు సముద్ర మట్టం ఎత్తు కంటే 70 మీటర్ల పైనే తక్కువ చూపిస్తాయి. ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ తీసుకునే వెళ్లు.