ఆయుధ నిషేధం ఎవరి చేతులు కట్టేస్తుంది?

ప్రశ్న:
అంతర్జాతీయ సంబంధాలు చదువుకుంటున్న నాకు ఆయుధ నిషేధం గురించి ఒక సందేహం ఎంతకీ తీరడం లేదు. సామాన్యుల తిండికీ మందులకూ అడ్డుపడకుండా పోరాడేవారి చేతిలోని తుపాకినే లక్ష్యంగా చేసుకుంటుంది కాబట్టి, ఆంక్షలన్నింటిలోకీ ఇదే న్యాయమైనదని ఇంతకాలం నమ్మాను. యుగోస్లావియాపై 1991 సెప్టెంబరులో భద్రతా మండలి విధించిన నిషేధం గురించి చదివాక ఆ నమ్మకం సడలింది. ఇది నిజంగా యుద్ధాన్ని అదుపుచేసే సాధనమేనా, లేక సైన్యాన్ని పంపడం ఇష్టంలేని పెద్ద దేశాలు తామూ ఏదో చేశామని చెప్పుకోవడానికి పనికివచ్చే తీర్మానం మాత్రమేనా?

మొదటి సమాధానం:
నిషేధం అమలులోకి వచ్చిన రోజున ఎవరి దగ్గర ఎన్ని ఆయుధాలున్నాయన్నదే ఇక్కడ అసలు విషయం. మీరు చెప్పిన నిషేధాన్ని విధించిన 713వ తీర్మానం యుగోస్లావియా మొత్తానికి వర్తించింది. అందులో భాగమైన బోస్నియా 1992లో స్వతంత్ర దేశమై ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం పొందిన తర్వాత కూడా దాన్ని వదలలేదు. అప్పటికే యుగోస్లావ్ సైన్యపు ఫిరంగులూ ట్యాంకులూ చాలావరకు, బోస్నియా ప్రభుత్వంపై పోరాడుతున్న బోస్నియా సెర్బు దళాల చేతికి వెళ్లాయి. కాగితం మీద అందరికీ సమానమైన ఆ నిబంధన, ఆచరణలో ఆయుధాలు లేనివారినే కట్టిపడేసింది. సమితి నియమావళి 51వ అధికరణం గుర్తించిన ఆత్మరక్షణ హక్కును బోస్నియా ప్రభుత్వం ఎంతగా గుర్తుచేసినా, శాంతిదళాల్లో తమ సైనికులున్న బ్రిటన్, ఫ్రాన్స్ నిషేధం ఎత్తివేతకు ఒప్పుకోలేదు. 1995 జూలైలో బోస్నియా పట్టణమైన స్రెబ్రెనిత్సాలో ఆ సెర్బు దళాలు దాదాపు 8,000 మంది ముస్లిం పురుషులనూ బాలురనూ చంపేశాయి. అమెరికా ఆ నిషేధాన్ని పాటించనవసరం లేదంటూ అక్కడి కాంగ్రెసు బిల్లును ఆమోదిస్తే, ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ వీటో చేశారు. ఆ మారణకాండకు నిషేధమే కారణమని నేను అనను. కానీ ఒక ప్రజను కాపాడే బాధ్యత తీసుకోకుండా, వారు తమను తాము కాపాడుకునే దారిని మూసేయడం తటస్థత అనిపించుకోదు.

రెండవ సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూనే, బోస్నియా ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పవద్దని కోరుతున్నాను. వర్ణవివక్ష పాటించిన దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మవద్దని భద్రతా మండలి 1963లో ఇచ్చిన పిలుపు స్వచ్ఛందం కావడంతో ఫ్రాన్స్ మిరాజ్ యుద్ధవిమానాలు అమ్ముతూనే వచ్చింది. 1977 నవంబరులో 418వ తీర్మానం నిషేధాన్ని తప్పనిసరి చేసింది. సమితి సభ్యదేశంపై అలాంటిది అదే మొదటిది. ఆ దేశం ఆర్మ్స్‌కార్ అనే ప్రభుత్వ ఆయుధ సంస్థ ద్వారా సొంతంగా ఆయుధాలు తయారుచేసుకుని, జీ-5 ఫిరంగులను ఎగుమతి చేసే స్థాయికి చేరిన మాట నిజమే. అయితే కొత్త యుద్ధవిమానాన్ని అంత సులభంగా తయారుచేసుకోలేకపోయింది. 1987-88లో అంగోలాలో, అక్కడి ప్రభుత్వం తరఫున పోరాడిన క్యూబన్ల మిగ్-23 యుద్ధవిమానాల ఎదుట దాని పాత మిరాజ్‌లు వెనుకబడ్డాయి. తన అధీనంలో ఉన్న నమీబియా స్వాతంత్ర్యానికి దారితీసిన ఒప్పందానికి దక్షిణాఫ్రికా దిగివచ్చిన కారణాల్లో ఆ వెనుకబాటూ ఒకటి. అంటే నిషేధం ఫలితం కనబడటానికి దశాబ్దం పట్టింది; రేపటి దాడిని ఆపాలనుకునేవారికి అది ఉపయోగపడదు.

మూడవ సమాధానం:
తీర్మానం కంటే నిఘా ముఖ్యమని నా అభిప్రాయం. అంగోలాలో యునిటా తిరుగుబాటుదారులపై 1993లోనే నిషేధం విధించినా, వజ్రాలు అమ్మిన డబ్బుతో వారికి ఆయుధాలు అందుతూనే ఉన్నాయి. సరుకు ఫలానా దేశ సైన్యానికే చేరుతుందని హామీ ఇచ్చే తుది వినియోగదారు ధ్రువపత్రం ఒక దేశం పేరున పుట్టేది, సరుకు మరోచోట దిగేది. 2000 మార్చిలో సమితి నిపుణుల బృందం, అప్పుడు అధికారంలో ఉన్న టోగో, బుర్కినా ఫాసో అధ్యక్షులు ఆ నిషేధాన్ని ఉల్లంఘించడానికి సహకరించారంటూ వారి పేర్లను సైతం తన నివేదికలో రాసింది.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. అలాగైతే, భూభాగం మొత్తానికి కాకుండా ఒక పక్షానికే నిషేధాన్ని వర్తింపజేస్తే బోస్నియాకు జరిగిన అన్యాయం తప్పేదా?

మూడవ సమాధానం ఇచ్చినవారు:
ఆ పద్ధతి తర్వాత వచ్చిందండి. సియెరా లియోన్‌లో 1998లో ప్రభుత్వానికి మినహాయింపునిచ్చి తిరుగుబాటుదారులపైనే నిషేధం ఉంచారు; సోమాలియాలో 2023 డిసెంబరులో అదే చేసి, అక్కడి తీవ్రవాద సంస్థ అల్-షబాబ్‌పై కొనసాగించారు. చిక్కంతా దాడి చేసేది ప్రభుత్వమే అయినప్పుడు వస్తుంది. 2005లో సూడాన్ ప్రభుత్వానికి వర్తింపజేసిన నిషేధం ఆ దేశపు పశ్చిమ ప్రాంతమైన డార్ఫుర్‌కే పరిమితం కాబట్టి, రాజధాని ఖార్టూమ్‌లోని ప్రభుత్వం ఆయుధాలు కొనుక్కోవచ్చు, వాటిని డార్ఫుర్‌కు తరలించకూడదంతే. తరలిస్తున్నారని నిపుణుల బృందం నమోదు చేసింది. వాటిని అమ్మినవారిలో భద్రతా మండలి శాశ్వత సభ్యులైన రష్యా, చైనా కూడా ఉన్నాయి.