ట్రాన్స్‌ఫర్మేషన్ (బ్యాక్టీరియాలోకి బయటి డీఎన్‌ఏ ఎక్కించడం) చేస్తే ఒక్క కాలనీ కూడా రావట్లేదు, మీకెవరికైనా ఇలా అయిందా?

అగార్_పిల్ల:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడు, మైక్రోబయాలజీ. మూడు వారాల నుంచి ఒకే ప్లాస్మిడ్‌తో (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) కుస్తీ పడుతున్నా, జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) జీన్ పెట్టిన చిన్న సర్క్యూట్, డీహెచ్5ఆల్ఫా అనే ఇ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించాలి. ఐస్ మీద అరగంట, 42 డిగ్రీల్లో 45 సెకన్లు, మళ్లీ ఐస్, ఎస్‌ఓసీ (పోషకాల ద్రవం) పోసి 37లో గంట, తర్వాత ప్లాస్మిడ్ ఎక్కినవే బతికే యాంపిసిలిన్ (యాంటీబయాటిక్) ప్లేట్ మీద స్ప్రెడ్ చేయడం, అన్నీ ప్రోటోకాల్‌లో ఉన్నట్టే. పొద్దున్నే ఇంక్యుబేటర్ తీస్తే ప్లేట్ కడిగిన పళ్లెంలా ఉంటోంది. తలుపు తీయాలంటేనే భయమేస్తోంది ఈమధ్య. గైడ్ గారు లైగేషన్ (డీఎన్‌ఏ ముక్కలు అతికించడం) మళ్లీ చెయ్యమంటున్నారు, ఇప్పటికే నాలుగుసార్లు చేశా.

బెజవాడ_బయో:
లైగేషన్ సంగతి తర్వాత తల్లీ, ముందు పీయూసీ19 (బాగా పనిచేస్తుందని తెలిసిన ప్లాస్మిడ్) కంట్రోల్ పెట్టావా లేదా చెప్పు. అది కూడా రాకపోతే నీ డీఎన్‌ఏ తప్పేం లేదు, కణాలే పోయాయని. నేను ఈ ఒక్క ప్లేట్ బద్ధకించి రెండు నెలలు పోగొట్టుకున్నా. అలాగే యాంటీబయాటిక్ లేని ప్లేట్ మీద కూడా కొంచెం వెయ్యి, అసలు బతికున్నాయో లేదో తెలుస్తుంది.

రాత్రి_షిఫ్ట్:
నాకైతే తప్పు జెల్ (డీఎన్‌ఏ ముక్కల్ని సైజువారీగా విడదీసేది) దగ్గర దొరికింది. యూవీ మీద పెట్టి బ్యాండ్ నెమ్మదిగా నీట్‌గా కోసేదాన్ని, ఆ కాసేపట్లోనే డీఎన్‌ఏ దెబ్బతినేది. చకచకా కోసెయ్యండి, లేదంటే బ్లూ లైట్ వాడండి. ఇంకోటి లైగేజ్ (అతికించే ఎంజైమ్) బఫర్, అందులో దానికి శక్తినిచ్చే ఏటీపీ ఉంటుంది కదా, మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే అది పోతుంది. కొత్త వయల్ రాగానే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచేసుకోండి.

సూక్ష్మలోకం:
మాది రివర్స్ కష్టం, ప్లేట్ నిండా కాలనీలు, తీరా మినీప్రెప్ (కణాల్లోంచి ప్లాస్మిడ్ బయటికి తీయడం) చేస్తే చాలావాటిలో ఏమీ లేదు! పెద్ద కాలనీ చుట్టూ ఆవగింజల్లా చిన్నవి వస్తాయే, అవి శాటిలైట్లు. పెద్దది బయటికి వదిలిన బీటాలాక్టమేజ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ని విరిచేస్తే ప్లాస్మిడ్ లేనివి కూడా బతికేస్తాయి. 16 గంటలకే ప్లేట్ తీసెయ్యండి, డబ్బులుంటే కార్బెనిసిలిన్ వాడండి, అది గట్టిది. అగార్ 50 డిగ్రీలకి దిగాకే యాంటీబయాటిక్ కలపాలి, వేడిలో పోస్తే పాడవుతుంది. టెట్రాసైక్లిన్ ప్లేట్లైతే వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టాలి. అన్నట్టు ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్నప్పుడు 1948లో వచ్చింది. ఆ ప్లేట్లు పోసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు నాకు.

అగార్_పిల్ల:
బెజవాడ అన్నా, మీరు చెప్పినట్టు పెట్టా. పీయూసీ19 సున్నా. యాంటీబయాటిక్ లేని ప్లేట్ మీద మాత్రం దట్టంగా పెరిగాయి. అంటే బతికే ఉన్నాయి, డీఎన్‌ఏ తీసుకునే శక్తే పోయింది. సీనియర్‌ని అడిగితే అప్పుడు చెప్పాడు, పోయిన నెల కరెంటు పోయి మైనస్ 80 ఫ్రీజర్ రాత్రంతా కరిగిందట, మళ్లీ గడ్డకట్టిందట, ఎవరూ ఎక్కడా రాయలేదు. ఏడుపొచ్చింది.

బెజవాడ_బయో:
ఏడవకు, కొత్తవి చేసుకో, ఒక్కరోజు పని. కల్చర్ ఓడీ (చిక్కదనం కొలత) 0.4 దాటనివ్వకు, దాటితే మళ్లీ మొదలుపెట్టు. అక్కడినుంచి అంతా ఐస్ మీదే, ట్యూబులు, టిప్పులు, 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ అన్నీ ముందురాత్రే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీలకి దిగాకే ట్యూబులు పెట్టు. అడుగున దిగిన కణాల్ని వోర్టెక్స్ చెయ్యొద్దు, ట్యూబ్‌ని ఐస్‌లో పెట్టుకుని పాలమీద మీగడ కదిపినట్టు మెల్లగా తిప్పు. గ్లిసరాల్ కలిపి 50 మైక్రోలీటర్ల చొప్పున పోసి పెట్టు, ఒకసారి కరిగిన ట్యూబ్ మళ్లీ లోపల పెట్టకు. బ్యాచ్ తేదీ డబ్బా మీద రాయి, కరెంటు పోయిన తేదీ కూడా రాయి.

అగార్_పిల్ల:
వచ్చాయి!!! పీయూసీ19 ప్లేట్ లెక్కపెట్టలేనంత, నా ప్లేట్‌లో 11. బ్లూ లైట్ కింద పెట్టి చూస్తే తొమ్మిది పచ్చగా మెరుస్తున్నాయి, ల్యాబ్‌లో అందర్నీ పిలిచి చూపించా. రెండు మాత్రం తెల్లగానే ఉన్నాయి, వాటిని పక్కన పడేయనా?

రాత్రి_షిఫ్ట్:
కంగ్రాట్స్ అమ్మా! పడెయ్యకు, వెక్టర్ (జీన్ పెట్టాల్సిన ప్లాస్మిడ్) జీన్ లేకుండానే తనకు తనే అతుక్కుని ఉండొచ్చు, ఆ రెండిటికీ కూడా మినీప్రెప్ చేసి ఎంజైమ్‌తో కట్ చేసి చూడు. పచ్చవాటిని సీక్వెన్సింగ్‌కి పంపేలోపు గ్లిసరాల్ స్టాక్ పెట్టెయ్యి, రెండు ఫ్రీజర్లలో.