ఫ్రెడరిక్స్‌బర్గ్ ఒక్కరోజు ట్రిప్: మెయిన్ స్ట్రీట్ షాపుల్లో బేరమాడొచ్చా, కూడదా?

గోదారిగట్టు

ఆస్టిన్, శాన్ ఆంటోనియో తెలుగు గ్రూపుల్లో ఈ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్తే ట్యాగ్ చూసి కంగారు పడకండి, సగానికి అడగండి, ఇచ్చేస్తారు" అని. దీనితో నేను అస్సలు ఏకీభవించను. 1846లో జర్మన్ వలసదారులు కట్టుకున్న టెక్సాస్ ఊరది. ఇప్పటికీ మెయిన్ స్ట్రీట్‌లో ఎక్కువ భాగం సొంతదారులు నడుపుకునే చిన్న షాపులే. అద్దె, జీతాలు, ఎండాకాలం ఏసీ బిల్లు అన్నీ ఆ ట్యాగ్ మీద ధరలోంచే రావాలి. మన సుల్తాన్ బజార్‌లో బేరం అంటే అడిగేవాడికీ చెప్పేవాడికీ ముందే తెలిసిన ఆట. ఇక్కడ ధర రాసి పెట్టారంటే అదే ధర. సగానికి అడిగితే వాళ్ల కష్టాన్ని సగానికి కొలిచినట్టే అవుతుంది. నా వాదన ఇంతే: నచ్చితే కొనండి, నచ్చకపోతే నవ్వి బయటికి రండి.

దోసపెనం

గోదారిగట్టు గారూ, సగానికి అడగడం తప్పు అన్నంతవరకు మీతోనే ఉన్నాను. కానీ అన్ని షాపులనీ ఒకే గాటన కట్టకండి. మెయిన్ స్ట్రీట్‌లో మూడు రకాలున్నాయి. సొంతంగా చేసి అమ్మేవాళ్లు (సబ్బులు, కొవ్వొత్తులు, తోలు సామాను, జామ్‌లు). హోల్‌సేల్‌లో తెచ్చి అమ్మే బట్టల, గిఫ్ట్ షాపులు. ఇక మూడోది పాతకాలపు వస్తువులు అమ్మే యాంటిక్ మాల్. మొదటి రెండింటిలో బేరం వద్దు, ఒప్పుకున్నాను. మూడోదాని లెక్క పూర్తిగా వేరు.

యాంటిక్ మాల్ అంటే ఒక షాపు కాదు. ఒకే కప్పు కింద పదులకొద్దీ బూత్‌లు ఉంటాయి, ఒక్కో బూత్ ఒక్కో డీలర్‌ది. డీలర్ అక్కడ కూర్చోడు. నెలకింత అని అద్దె కడతాడు, చాలాచోట్ల అమ్మకం మీద కొంత కమిషన్ కూడా. ట్యాగ్ మీద బూత్ నంబరు, వస్తువు పేరు, ధర ఉంటాయి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు అందరి తరఫున డబ్బు తీసుకుంటారు. ఏ బూత్‌వాళ్లు ఎంతవరకు తగ్గించమన్నారో వాళ్ల దగ్గర రాసిపెట్టి ఉంటుంది. ఒక మొత్తం దాటిన వస్తువు మీద పది శాతం తగ్గింపు చాలా మాల్స్‌లో మామూలు. అంతకంటే ఎక్కువ అడిగితే డీలర్‌కి ఫోన్ చేస్తారు. అంటే అడగడానికి దారి వాళ్లే పెట్టుకున్నారు. అడగనివాళ్లకు ఆ పది శాతం రాదు, అంతే.

ట్యాగ్ మీద "ఫర్మ్" అని ఉంటే అడగొద్దు, ధర కదలదు. "యాజ్ ఈజ్" అని ఉంటే లోపం ఉన్నట్టు చెప్పేసినట్టే. తర్వాత వెనక్కి తీసుకోరు.

సీడర్‌పార్క్‌వాసి

పద్ధతి ఉంది, సరే. కానీ ఎప్పుడు అడుగుతున్నామన్నది కూడా చూడాలి కదండీ. మనవాళ్లు వెళ్లేది శనివారం. పదకొండు దాటాక మెయిన్ స్ట్రీట్ మీద పార్కింగ్ దొరకడమే గగనం. కౌంటర్ దగ్గర ఒకే మనిషి, వెనక పదిమంది లైను. ఆ టైములో ఎనిమిది డాలర్ల గాజు గిన్నెకి "బెస్ట్ ప్రైస్" అడిగి ఫోన్ చేయించడం మర్యాద కాదు. ఇరవై డాలర్ల లోపు వస్తువుకి అసలు నోరు తెరవకూడదని నా లెక్క.

వీలైతే గురువారం గానీ శుక్రవారం గానీ వెళ్లండి. సోమ, మంగళ, బుధవారాల్లో కొన్ని చిన్న షాపులు మూసి ఉంటాయి. అది చూసుకోకుండా మంగళవారం సెలవు పెట్టి వెళ్లి తలుపులకు తాళాలు చూసి వచ్చేవాళ్లున్నారు. సాయంత్రం ఐదు, ఐదున్నరకే కట్టేస్తారు కాబట్టి పది గంటలకల్లా అక్కడ ఉండాలి. ఆస్టిన్ నుంచి ఎనిమిదింటికి బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది.

కారు మెయిన్ స్ట్రీట్ మీద పెట్టాలని చుట్టూ తిరగొద్దు. దానికి సమాంతరంగా ఉత్తరాన ఆస్టిన్ స్ట్రీట్, దక్షిణాన శాన్ ఆంటోనియో స్ట్రీట్ ఉన్నాయి. అటువైపు చూసుకోండి. విజిటర్ సెంటర్ ఈస్ట్ ఆస్టిన్ స్ట్రీట్‌లో, పసిఫిక్ యుద్ధ మ్యూజియం వెనకే ఉంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందు అక్కడికే వెళ్లండి, రెస్ట్‌రూమ్ వెతుక్కునే బాధ తప్పుతుంది. ఆడమ్స్ స్ట్రీట్ నుంచి తూర్పుకి లానో, లింకన్, వాషింగ్టన్ దాకా షాపులు చిక్కగా ఉంటాయి. ఉదయం ఒక పక్క, భోజనం తర్వాత రెండో పక్క చూడండి. రోడ్డు చాలా వెడల్పు, పైగా అది 290 హైవే, లారీలు తిరుగుతూనే ఉంటాయి. పిల్లలతో మాటిమాటికీ అటూ ఇటూ దాటడం మంచిది కాదు.

కోఠి_కుర్రాడు

నాకు గోదారిగట్టు గారి వాదన అర్థం కావట్లేదు. తగ్గించాల్సి వస్తుందని తెలిసే డీలర్ ముందే కాస్త కలిపి ట్యాగ్ వేస్తాడు. అప్పుడు పూర్తి ధర కట్టినవాడు నష్టపోయినట్టే కదా! ఫోన్‌లో ఈబే తెరిచి చూస్తే అదే వస్తువు 30కి కనిపిస్తుంది, ఇక్కడ 60. చూపించి అడిగితే తప్పేంటి?

దోసపెనం

కుర్రాడు గారూ, ఈబేలో మీరు చూసింది ఎవరో అడుగుతున్న ధర. ఫిల్టర్‌లో "సోల్డ్ ఐటమ్స్" పెట్టి చూడండి, నిజంగా అమ్ముడైన ధర అప్పుడు తెలుస్తుంది. దానికి షిప్పింగ్ కలపండి. ఇనుప సామానుకైతే అదే చాలా అవుతుంది. పైగా చేత్తో పట్టుకుని తిప్పి చూసి కొనే వీలు అక్కడ లేదు. కౌంటర్‌లో మనిషి ముఖం ముందు ఫోన్ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ ధర వేసింది ఆవిడ కాదు.

తగ్గింపు అడగడానికి అసలైన ఆధారం వస్తువులో ఉన్న లోపం. మనవాళ్లు ఎక్కువగా కొనే బీడు (పోత ఇనుము) పెనాన్నే తీసుకుందాం. దోసెలకు పాత గ్రిస్‌వోల్డ్ (అడుగున "ఎరీ" అని ఉంటుంది), వాగ్నర్ ("సిడ్నీ") కంపెనీల పెనాలు వెతుకుతారు. పాతవాటి లోపలి భాగాన్ని మెషీన్ మీద నునుపు చేసేవారు. ఇప్పటివి గరుగ్గా ఉంటాయి. దోసె లేవడంలో ఆ తేడా తెలుస్తుంది. అడుగున 8 అని ఉంటే ఎనిమిది అంగుళాలు అనుకోకండి. అది పాతకాలపు కట్టెల పొయ్యి కన్ను సైజు. పెనం పైన కొలిస్తే సుమారు పదిన్నర ఉంటుంది. గోడలున్న స్కిల్లెట్ కొంటే అట్లకాడ అంచు కిందికి దూరదు, దోసె చిరుగుతుంది. గుండ్రటి గ్రిడిల్ అడగండి, అంచు అర అంగుళం కూడా ఉండదు.

చూడాల్సినవి:

కౌంటర్ గాజు మీద మెల్లగా పెట్టి ఒక పక్క వేలితో నెట్టండి. బొంగరంలా తిరిగితే అడుగు కిందికి పొంగింది. గ్యాస్ పొయ్యికి ఫర్వాలేదు, గ్లాస్‌టాప్ స్టవ్‌కి పనికిరాదు. అంచుల మీద నిలబడి ఊగితే అడుగు పైకి పొంగింది. నూనె, పిండి రెండూ అంచులకు జారిపోతాయి, దోసెకి అస్సలు వద్దు.

పిడి పట్టుకుని వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. గంటలా ఖంగుమనాలి. మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు అనుమానించాలి. పిడి మొదట్లోనూ, అంచు మీదా గోటితో రుద్ది వెతకండి.

అడుగున ఎర్రమట్టి రంగు మచ్చ ఉంటే అది తుప్పు కాకపోవచ్చు, ఎప్పుడో మంటలో అతిగా కాలి ఉండొచ్చు. అక్కడ నూనె పట్టదు, ఎన్నిసార్లు సీజనింగ్ (నూనె రాసి కాల్చి పూత పట్టించడం) చేసినా ఊడిపోతుంది. మామూలు తుప్పుకి భయం లేదు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అరగంట నానబెట్టి తోమి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి తుడిచేసి, ఓవెన్‌లో 450 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గంటసేపు బోర్లించి పెడితే పోతుంది. నూనె ఎక్కువ రాస్తే జిడ్డు బొట్లు కట్టి అంటుకుంటుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

చిన్న, లోతైన గిన్నెల్లో లోపల వెండిలా మెరిసే బూడిదరంగు పూత కనిపిస్తే ముట్టుకోవద్దు. వెనకటికి తూటాలకి, చేపల గాలాల బరువులకి అలాంటి వాటిలో సీసం కరిగించేవారు. అది వంటకి పనికిరాదు, ఎంత తగ్గించినా సరే.

నల్లటి మడ్డి మందంగా పేరుకుపోయి ఉంటే దాని కింద గుంటలున్నాయో లేదో కనిపించదు. ఆ అనుమానం మీదిది, అందుకే "శుభ్రం చేశాక ఏం బయటపడుతుందో తెలీదు, కాస్త చూస్తారా?" అని అడగొచ్చు. ఇలా అడిగితే డీలర్ కూడా ఆలోచిస్తాడు.

గోదారిగట్టు

దోసపెనం గారు చెప్పిన తీరు బాగుంది. కానీ నా భయం వేరు. ఈ పద్ధతి చదివినవాళ్లు దాన్ని యాంటిక్ మాల్ దాకే ఉంచరు. పక్కన చేత్తో సబ్బులు చేసే షాపులోకి కూడా అదే ప్రశ్నతో వెళ్తారు. సొంతదారే గల్లా మీద కూర్చున్న చోట ఆ ప్రశ్న నేరుగా ఆ మనిషికే తగులుతుంది. మనిషికో తీరు అనుకోరు, "ఇండియన్ ఫ్యామిలీలు వస్తే ఇంతే" అనుకుంటారు. ఆ తర్వాత వచ్చే మనవాళ్లకి పలకరింపు తగ్గుతుంది. అందుకే "అడగొద్దు" అన్న ఒక్క మాటే అందరికీ సులువు అంటాను.

రౌండ్‌రాక్_పద్మజ

సులువైన మాట కోసం సరైన మాట వదులుకోవాలా అండీ? ట్యాగ్ మీద బూత్ నంబరు ఉంటే అడగొచ్చు, లేకపోతే అడగొద్దు. ఇది కూడా ఒక్క మాటే, మా అత్తగారి వయసువాళ్లకైనా అర్థమవుతుంది.

అడిగే క్రమం కూడా చెప్తాను. నచ్చినవి ఒకే బూత్‌లోవి రెండు మూడు కలిపి తీసుకోండి. వేర్వేరు బూత్‌లవి కలిపి మొత్తానికి తగ్గించమంటే కుదరదు, డబ్బు వేర్వేరు మనుషులకి వెళ్తుంది. కౌంటర్ ఖాళీ అయ్యేదాకా ఆగండి. "ఈ బూత్ వాళ్లు దీని మీద ఏమైనా తగ్గిస్తారా?" అని ఒక్కసారి అడగండి. మీరెంత అనుకుంటున్నారని వాళ్లు తిరిగి అడిగితే పది, పదిహేను శాతం తక్కువగా ఒకే అంకె చెప్పండి. ఫోన్ చేశాక డీలర్ ఒప్పుకుంటే కొనాల్సిందే. "ఆలోచించుకుని వస్తాం" అని అప్పుడు జారుకోవడం మాత్రం నిజంగా చెడ్డపేరు తెచ్చే పని.

పన్ను లెక్క మరవకండి. 60 డాలర్ల వస్తువు 8.25 శాతం పన్నుతో 64.95 అవుతుంది. పది శాతం తగ్గితే 58.46. "డీలర్ డిస్కౌంట్" అన్న మాట వాడేముందు కూడా జాగ్రత్త. కొన్నిచోట్ల అది రీసేల్ సర్టిఫికెట్ (తిరిగి అమ్మే సరుకు పన్ను లేకుండా కొనే పత్రం) ఉన్న వ్యాపారులకే. సొంత వాడకానికి ఎవరిదో సర్టిఫికెట్ చూపించి పన్ను ఎగ్గొట్టడం టెక్సాస్‌లో నేరం.

కోఠి_కుర్రాడు

ఫోన్ చూపించడం మానేస్తాను, సోల్డ్ ధర విషయం సబబుగానే ఉంది. మరి 290 మీద పీచ్ బండ్ల దగ్గర? అక్కడ కూడా రాసిన ధరేనా?

సీడర్‌పార్క్‌వాసి

అక్కడ బేరం అసలే వద్దు. ఫ్రెడరిక్స్‌బర్గ్, దగ్గరి ఊరు స్టోన్‌వాల్ పీచ్ మే మధ్యలో మొదలై ఆగస్టు మొదట్లో అయిపోతుంది. చలికాలంలో సరిపడా చలి పడకపోయినా, మార్చిలో పూత మీద మంచు పడినా ఆ ఏడాది పంట పోయినట్టే. అందుకే ధర ఏడాదికో తీరుగా ఉంటుంది. దాని బదులు "సెకండ్స్ ఉన్నాయా?" అని అడగండి. మచ్చపడ్డవీ, మెత్తబడ్డవీ పక్కన పెట్టి తక్కువకి ఇస్తారు, జామ్‌కి అవే మేలు. మే నెల పళ్లలో గింజకి కండ అంటుకుని ఉంటుంది, కోసుకోవడానికి చిరాకు. జూన్ నుంచి వచ్చే ఫ్రీస్టోన్ రకాలు చక్కగా రెండు చెక్కలవుతాయి. ఎరుపు చూసి ఎంచొద్దు, కాడ దగ్గర పచ్చదనం పోయి పసుపు తిరిగిందా చూడండి, వాసన చూడండి. నొక్కితే మాత్రం వాళ్లకి కోపం వస్తుంది, నొక్కినచోట మర్నాటికల్లా నల్లబడుతుంది మరి. తిరుగు ప్రయాణంలో కొనండి, లేదా ఐస్ పెట్టె తీసుకెళ్లండి. జూలైలో మూసిన కారులో మధ్యాహ్నమంతా ఉంచితే పళ్లే కాదు, కొవ్వొత్తులూ ఫజ్ కూడా కరిగి సీటుకి అంటుకుంటాయి. పళ్లకీ జామ్ సీసాలకీ సేల్స్ ట్యాక్స్ లేదు.

దోసపెనం

బేరం సరదా తీర్చుకోవాలంటే నెలలో మూడో వారాంతం చూసుకోండి. ఊరికి తూర్పున ఏడు మైళ్ల దూరంలో, వైల్డ్‌సీడ్ ఫామ్స్ అనే పూల తోట ఎదురుగా ట్రేడ్ డేస్ అనే సంత జరుగుతుంది. అక్కడ అమ్మే మనిషి ఎదురుగానే ఉంటాడు, నేరుగా మాట్లాడుకోవచ్చు. నగదు, అందులోనూ చిన్న నోట్లు ఉంచుకోండి. కార్డు రుసుము తప్పుతుంది కాబట్టి వాళ్లూ దిగుతారు. ఆదివారం మధ్యాహ్నం సర్దుకునే వేళ ఇంకా తగ్గిస్తారు గానీ మంచి పెనాలు అప్పటికి మిగలవు. డాలస్‌వాళ్లు దీనికోసం నాలుగైదు గంటలు నడపక్కర్లేదు. ఐ-20 మీద తూర్పుకి గంట వెళ్తే కాంటన్. ప్రతి నెలా మొదటి సోమవారానికి ముందు వచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా ఫస్ట్ మండే సంత ఉంటుంది. సోమవారం వెళ్తే ఖాళీ మైదానమే.

గోదారిగట్టు

బూత్ నంబరు నియమానికి నేను ఒప్పుకుంటున్నాను. సొంతదారు షాపుల విషయంలో నా మాట మారదు. గ్రూపుల్లో తిరుగుతున్న ఆ "సగానికి అడగండి" మెసేజ్ కింద పద్మజ గారి పోస్టు పెడతాను, అభ్యంతరం లేకపోతే. ఇంకొక్క సందేహం. ఇండియా తిరిగి వెళ్లే పెద్దవాళ్లు పెనం కొంటే క్యాబిన్ బ్యాగులో పెట్టుకోవచ్చా?

రౌండ్‌రాక్_పద్మజ

పోస్టు నిరభ్యంతరంగా పెట్టండి. పెనం క్యాబిన్‌లో కుదరదు, బీడు వంటసామాను చేతిసంచిలో టీఎస్‌ఏ (విమానాశ్రయ భద్రతా సంస్థ) ఒప్పుకోదు. చెక్-ఇన్‌లో వేయండి. బీడు బరువే గానీ పెళుసు, కిందపడితే పగులుతుంది. పెట్టె మధ్యలో, అన్ని పక్కలా బట్టలుండేలా సర్దండి, పిడి పెట్టె అంచుకి తగలకూడదు. జామ్ సీసాలు కూడా 100 మిల్లీలీటర్లు దాటితే చెక్-ఇన్‌లోనే. వాటిని పెనం పక్కన మాత్రం పెట్టకండి.