ఇంటర్నెట్ వాడకం పట్టికలో సర్వే చేయని దేశం గడిని ఖాళీగా వదలాలా, అంచనాతో నింపాలా?

లెక్కల మాస్టారు:

ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అదే ఐటీయూ, 2024 చివర్లో ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో ఇంటర్నెట్ వాడేవారు 550 కోట్లు, వాడనివారు 260 కోట్లు. ఏడాది తిరిగాక వచ్చిన 2025 నివేదికలో వాడేవారు 600 కోట్లకు చేరారు. సంతోషం. అయితే అదే నివేదికలో వెనకటి ఏడాది లెక్కను కూడా సవరించారు. 2024లో వాడనివారు 260 కోట్లు కాదట, 230 కోట్లేనట. ఒక్క కేబులు వేయకుండా, ఒక్క టవరు నిలబెట్టకుండా సుమారు 30 కోట్ల మంది కాగితం మీద ఆన్‌లైన్‌లోకి వచ్చేశారు.

ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు. కొత్త సర్వేలు చేతికి వస్తే పాత అంకె మారక తప్పదు. సర్వేనే జరగని దేశానికి కూడా ఏదో ఒక శాతం రాసి పెట్టడం దగ్గరే నా పేచీ. ఐటీయూ ఆ అంకె పక్కన ‘అంచనా’ అని రాస్తుంది. ప్రపంచ బ్యాంకు దాన్ని తన పట్టికలో చేర్చుకుంటుంది. అక్కడి నుంచి పత్రికలు, పత్రికల నుంచి మంత్రుల ఉపన్యాసాలు. ‘అంచనా’ అన్న ముక్క దారిలోనే ఎక్కడో రాలిపోతుంది.

మన దేశం సంగతే చూడండి. 2017 డిసెంబరు నాటికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలో ఇంటర్నెట్ చందాదారులు సుమారు 44.6 కోట్లు, అంటే జనాభాలో వందకు 34. ప్రపంచ బ్యాంకు పట్టికలో 2017కు భారత్ ఎదురుగా చాలాకాలం కనిపించిన ‘ఇంటర్నెట్ వాడే జనాభా’ కూడా 34 శాతం పైచిలుకే. చందాల అంకే మనుషుల గడిలో వచ్చి కూర్చున్నట్టు లేదూ? ఆ ఏడాది జూలై నుంచి 2018 జూన్ దాకా జాతీయ నమూనా సర్వే 75వ విడత జరిగింది. ఐదేళ్లు దాటినవారిలో ఇంటర్నెట్ వాడటం వచ్చినవారు 20 శాతం అని తేలింది. పల్లెల్లో 13, పట్నాల్లో 37. ఆ తర్వాత పట్టికలో 2017 అంకె 20కి లోపు దిగింది. దాదాపు సగం!

నా ప్రతిపాదన ఇది. ఇంటింటి సర్వే జరగని దేశం గడి ఖాళీగా ఉండాలి. మీరేమంటారు?

టవర్ నీడ:

మాస్టారూ, నేను మొబైల్ కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో పనిచేస్తాను కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలుసు. ఇంటింటి సర్వే అంటే ఖర్చు, ఏళ్ల తరబడి ఆలస్యం. ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు ఇంటర్నెట్ మీద సర్వే ఐదారేళ్లకు ఒకసారి జరిగితే గొప్ప. కనెక్షన్ల లెక్క మాత్రం నెల తిరిగేసరికి యంత్రమే ఇస్తుంది. ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు.

ఒకే మనిషికి రెండు సిమ్‌లు ఉంటాయన్న ఆక్షేపణ నాకూ తెలుసు. ఢిల్లీ సర్కిల్లో జనాభా వందకు ఫోన్ కనెక్షన్లు రెండు వందలు దాటి చాలాకాలమైంది. అక్కడ నోయిడా, గుర్గావ్ సిమ్‌లు కూడా ఢిల్లీ ఖాతాలోకే వస్తాయి. అందుకే ట్రాయ్ అమ్మిన సిమ్‌లతో ఆగదు, వీఎల్ఆర్ లెక్క కూడా వేస్తుంది. ఫోను ఆన్‌లో ఉండి ఏదో ఒక టవరును పలకరిస్తేనే ఆ సిమ్ వీఎల్ఆర్‌లో నమోదవుతుంది. సొరుగులో పడి ఉన్న సిమ్ అందులోకి రాదు. ఇంత పక్కా లెక్క చేతిలో ఉండగా గడి ఖాళీగా వదలడం ఎందుకు? ఖాళీ గడిని సున్నా అని చదివేవారే ఎక్కువ.

సర్వే బాట:

ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. రెండు మాటలు చెప్పాలి, రెండూ మాస్టారికి నచ్చకపోవచ్చు.

మొదటిది. మేము తలుపు తట్టేది పగటిపూట. ఇంట్లో ఎవరుంటే వారే మొత్తం కుటుంబం తరఫున చెబుతారు. ఒక ఇంట్లో మామగారు అరుగు మీద కూర్చుని వరసగా చెప్పుకుంటూ పోయారు. కొడుకు వాడతాడు, మనవడు వాడతాడు, తాను వాడడు, కోడలు వాడదు. ఫారంలో అలాగే రాశాను. ఈలోగా కోడలు మంచినీళ్లు తెచ్చింది. ఆమె రెండో చేతిలో ఫోను, ఫోనులో ఎవరో కుట్టుపని నేర్పుతున్న వీడియో. గత మూడు నెలల్లో వాడారా అన్నదే ఐటీయూ ప్రశ్న. ఆమె ఆ నిమిషంలోనే వాడుతోంది! నేను మళ్లీ అడిగి దిద్దుకున్నాను, మామగారికి కోపం వచ్చింది. సాయంత్రంలోగా ఇంకా పది ఇళ్లు పూర్తి చేయాల్సిన మనిషి ప్రతిచోటా అలా దిద్దుతాడా? ఆడవారి గడిలో అంకె ఎందుకు తగ్గుతుందో ఆలోచించేటప్పుడు ఈ అరుగునూ కాస్త లెక్కలోకి తీసుకోండి.

రెండోది. సర్వే అనగానే అన్నీ ఒకే జాతి అనుకోకండి. ఐటీయూ అడిగేది మూడు నెలల వాడకం. 75వ విడతలో అడిగింది 30 రోజుల వాడకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగేది, ఎప్పుడైనా ఒక్కసారైనా వాడారా అని, అదీ 15 నుంచి 49 ఏళ్లవారినే. 2019–21 నాటి ఆ ఐదో సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారు 21 శాతం, మగవారు 48.8 శాతం. తెలంగాణలో ఆడవారు 26.5, మగవారు 57.4. ‘ఎప్పుడైనా’ అని అడిగితేనే ఆడవారి సంఖ్య ఇంత తక్కువ ఉందంటే ‘మూడు నెలల్లో’ అని అడిగితే ఇంకెంత ఉండేదో. వీటిలో ఏ అంకెను జెనీవాలోని ఐటీయూకు పంపితే మాస్టారు గడి నింపనిస్తారు?

సర్వే ఆలస్యమవుతుందన్న మాట మాత్రం ఒప్పుకోను. 2025లో టెలికాం మీద జాతీయ నమూనా సర్వే ప్రత్యేకంగా చేశారు. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లు తిరిగారు, మే నెలలో ఫలితాలు వచ్చేశాయి. 86.3 శాతం ఇళ్లలో ఇంటర్నెట్ ఉందని చెప్పింది ఆ సర్వేనే. ప్రభుత్వం తలచుకుంటే అయిదు నెలల పని.

గల్ఫ్ గాలి:

కువైట్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ జనాభా యాభై లక్షలకు కాస్త అటూ ఇటూ, మూడింట రెండు వంతులు బయటి దేశాలవారమే. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు ఎంతమందో చెప్పనక్కర్లేదు. మొబైల్ కనెక్షన్లు జనాభా వందకు 150 పైమాటే, ఇంటర్నెట్ వాడకం 99 శాతం పైన. పట్టికలో చూస్తే కువైట్‌కు తిరుగులేదు.

ఇప్పుడు షేక్ ఇంట్లో వంటచేసే మన ఊరి మనిషిని తీసుకోండి. ఇంట్లో వైఫై ఉంది. ఆమె ఫోను రాత్రి పని ముగిశాక ఒక గంటపాటు చేతికిస్తారు, కొన్ని ఇళ్లలో శుక్రవారం మాత్రమే. మూడు నెలల ప్రశ్న వేస్తే ఆమె ‘వాడారు’ గడిలోకే వెళుతుంది. కార్మికుల క్యాంపుల్లో ఉండేవారైతే చాలా దేశాల్లో ఇంటింటి సర్వే కిందికే రారు, ఎందుకంటే క్యాంపును ఎవరూ కుటుంబంగా లెక్కించరు. టవర్ నీడ గారి యంత్రానికి మాత్రం వాళ్లు కనిపిస్తారు. కాబట్టి నా ఓటు ఈ విషయంలో యంత్రానికే.

లెక్కల మాస్టారు:

యంత్రానికి సిమ్ కనిపిస్తుంది, చేయి కనిపించదు. ఆమె ఫోను మిగిలిన ఆరు రోజులూ యజమానురాలి సొరుగులో ఆన్‌లోనే ఉంటే వీఎల్ఆర్ ఏమంటుంది? ‘క్రియాశీలం’ అంటుంది!

సర్వే బాట గారూ, మీరు చెప్పిన మూడు ప్రశ్నల తేడా నా వాదనకే బలం. ప్రశ్న కలవకపోతే ఆ సర్వే అంకెను కూడా అంతర్జాతీయ పట్టికలోకి రానివ్వకూడదు. కోడలి సంగతికి మందు ఒకటే, ఆమెనే అడగాలి. ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి.

పాత ఫైళ్లు:

మాస్టారి పద్ధతిలో వెళితే పట్టికలో సంపన్న దేశాలు మాత్రమే మిగులుతాయి. సర్వే చేయలేని దేశమే కదా అన్నిటికంటే వెనకబడి ఉండేది. దాని గడి ఖాళీ అయితే ప్రపంచ సగటు మరింత పచ్చగా కనిపిస్తుంది. కొరతను చూపించడానికి పుట్టిన పట్టిక ఆ కొరతనే దాచిపెట్టినట్టవుతుంది.

1980లలో ఐటీయూ నియమించిన మెయిట్‌లాండ్ కమిషన్ ఆఫ్రికా ఖండం మొత్తంలో ఉన్న టెలిఫోన్ల కంటే ఒక్క టోక్యో నగరంలోనే ఎక్కువ ఉన్నాయని రాసింది. ఆ నాటి ఆఫ్రికా లెక్కలన్నీ సరిగ్గా ఉండి ఉంటాయని ఎవరైనా అనుకుంటారా? లేకున్నా ఆ పోలిక చేసిన పని చేసింది. పేద దేశాల టెలిఫోను సంగతి అంతర్జాతీయ ఎజెండాలోకి వచ్చింది. పక్కా అంకె వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆ వాక్యం రాసేవారే కాదు.

ఇంకోటి. ఐటీయూ ప్రశ్నావళి వెళ్లేది మంత్రిత్వ శాఖలకు, నియంత్రణ సంస్థలకు, గణాంక సంస్థలకు. అంటే పరీక్ష రాసేవాడే మార్కులు వేసుకుని పంపుతున్నాడు. ఖాళీ వదిలే వీలు కల్పిస్తే అంకె బాగోలేని దేశం సర్వే చేయడమే మానేస్తుంది. అంచనా వేస్తారన్న భయం ఉంటేనే, మా అసలు లెక్క ఇదిగో అని ముందుకు వస్తుంది. ఖాళీ ఎంత సుఖంగా ఉంటుందో ఐటీయూకే తెలుసు. 2017లో దాని సమాచార సాంకేతికత అభివృద్ధి సూచీలో భారత్‌ది 176 దేశాల్లో 134వ స్థానం. ఆ తర్వాత పద్ధతి మీద దేశాలు ఒక మాట మీదకు రాలేక సూచీ ఆగిపోయింది, మళ్లీ 2023లో గాని కొత్త రూపంలో రాలేదు. ఆ మధ్య కాలంలో, మా ర్యాంకు ఏమైందని ఏ ప్రభుత్వమైనా కంటతడి పెట్టుకుందా?

ముచ్చర్ల దారి:

జెనీవా దాకా ఎందుకండీ, హైదరాబాద్ పక్కన కూర్చుని అడుగుతున్నాను. తెలంగాణలో ఇంటర్నెట్ చందాదారులు ఎంతమంది? ట్రాయ్ పట్టిక తెరిస్తే ‘ఆంధ్రప్రదేశ్’ అని ఒకటే వరస ఉంటుంది, అందులోనే రెండు రాష్ట్రాలూ. లైసెన్సు సర్కిళ్లు రాష్ట్ర విభజనకు ముందు గీసినవి. రాష్ట్రం ఏర్పడి పదేళ్లు దాటినా లెక్కలో విడిపోలేదు. నెలనెలా పక్కాగా వస్తుందన్న యంత్రం లెక్కతో నాకు ఒరిగింది ఇది. సర్వేలోనైతే కనీసం రెండు వేర్వేరు అంకెలు దొరికాయి.

టవర్ నీడ:

అది యంత్రం తప్పు కాదు, సర్కిల్ గీత తప్పు. ఏ టవరు ఏ జిల్లాలో ఉందో కంపెనీకి తెలుసు. అడిగితే ఇవ్వవచ్చు. అసలు ఇండోనేషియా గణాంక శాఖ సరిహద్దు పర్యాటకుల లెక్కకు మొబైల్ డేటానే వాడుతోంది. పేర్లు, నంబర్లు తీసేసి గుంపుల లెక్క ఇస్తే సరిపోతుంది.

ముచ్చర్ల దారి:

పేర్లు తీసేశామని మీరంటారు. ఏ టవరు కింద రాత్రి పడుకుంటాడో, ఏ టవరు కింద పగలు పనిచేస్తాడో తెలిస్తే మనిషిని పట్టుకోవడానికి పేరెందుకు? జిల్లా అంకె కోసం నా తిరుగుడంతా మీ చేతిలో పెట్టలేను.

లెక్కల మాస్టారు:

పాత ఫైళ్లు గారి మాటలో బరువుంది. ఖాళీ గడి సర్వేలు ఎగ్గొట్టేవారికి గొడుగు కాకూడదు. అలాగని ఒంటి అంకెకు నేను ఒప్పుకోను. సర్వే లేని దేశానికి ‘34.4’ అని దశాంశంతో రాయడం దబాయింపు. ‘18కీ 35కీ మధ్య’ అని రాయండి, పక్కన సర్వే ఏ ఏడాదిదో రాయండి. ఆ వెడల్పు చూసి ఆ దేశం సిగ్గుపడాలి. పత్రికవారికి శీర్షిక కుదరకపోతే పోనివ్వండి.

టవర్ నీడ:

వెడల్పుతో రాసిన అంకెను ర్యాంకుల్లో ఎక్కడ పెడతారు? ఇంకో చిక్కు కూడా ఉంది. మీ సర్వే అయినా నా సిమ్ లెక్క అయినా చివరికి జనాభాతో ముడిపడాలి. మన చివరి జనగణన 2011ది, తర్వాతిది 2027లో. ఈ మధ్యలో హారమే అంచనా. అప్పుడు భారత్ గడిని కూడా వెడల్పుతోనే రాస్తారా?

లెక్కల మాస్టారు:

రాస్తాను. మొట్టమొదట దాన్నే రాస్తాను.

సర్వే బాట:

రాసే ముందు ఒక పని చేయండి. ఒకప్పుడు ఐటీయూ పూర్తి డేటాబేసును డబ్బుకు అమ్మేది, ఇప్పుడు దాని వెబ్‌సైటు డేటాహబ్‌లో ఉచితంగానే దొరుకుతోంది. అందులో అంకెతో పాటు మూలం కూడా ఇస్తారు. భారత్‌కు ఒక్కో ఏడాదీ తెరిచి, ఏది సర్వే, ఏది అంచనా అని వరసగా ఇక్కడే పెట్టండి. మీ వెడల్పు ఎంత ఉండాలో అప్పుడు బేరమాడుకుందాం.